తడి మూలలో ఐరిస్: ఆకులు వస్తున్నాయి, పూలు లేవు (బెంగళూరు)

హొరమావు_తోట:
అందరికీ నమస్తే. మాది హొరమావులో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, వెనకాల కాంపౌండ్ గోడ పక్కన ఒక మూల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, వాన పడితే మేడ మీది పైపు నీళ్లు కూడా అక్కడికే దిగుతాయి. గులాబీ పెడితే వేరు కుళ్లిపోయింది. తడి నేలకి ఐరిస్ అనే పూల మొక్క బాగుంటుందని ఎవరో అంటే ఆన్‌లైన్‌లో జపనీస్ ఐరిస్ దుంపలు తెప్పించి పోయిన వానాకాలం నాటాను. ఆకులు నిటారుగా బ్రహ్మాండంగా లేచాయి గానీ ఒక్క మొగ్గ లేదు, ఇప్పుడేమో కొత్తగా వచ్చే ఆకులు పాలిపోతున్నాయి. పోసేది బోరు నీళ్లు. మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుంది. నర్సరీ అతను ఎముకల పొడి వేయమన్నాడు, వేయనా?

మట్టివాసన:
ఎముకల పొడి మాత్రం వేయకండి మేడమ్, అందులో ఉండేది కాల్షియం, మీ బోరు నీళ్లలో అది ఇప్పటికే కావలసినంత ఉండుంటుంది. జపనీస్ ఐరిస్‌కి పుల్ల మట్టి, అంటే కొంచెం ఆమ్ల గుణం ఉన్న మట్టి కావాలి, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య. బోరు నీళ్లతో అలా సున్నం ఎక్కువైతే మట్టిలో ఐరన్ ఉన్నా మొక్క తీసుకోలేదు, కొత్త ఆకులు పాలిపోయేది చాలావరకు అందుకే. ఆ మేడ పైపు నీళ్లనే డ్రమ్ముకి పట్టి పోయండి, ఏసీ నీళ్లు కూడా పనికొస్తాయి. ఆర్ఓ వేస్ట్ నీళ్లు వద్దు, ఉప్పంతా అందులోనే మిగులుతుంది, వాషింగ్ మెషీన్ నీళ్లు అసలే వద్దు. కుళాయిలో వచ్చే కావేరి నీళ్లు బోరు కంటే నయమే గానీ 2024 మార్చిలో కరువప్పుడు జలమండలి తోటలకి తాగునీళ్లు పోస్తే 5000 ఫైన్ అని పెట్టింది గుర్తుందిగా, దాన్ని నమ్ముకుని తడి మొక్క పెట్టుకోలేం.

పూల సంగతి వేరే. ఆకు రంగు సరిచేసుకోవచ్చు, చలిని ఎక్కడినుంచి తెస్తాం? ఇది జపాన్, కొరియా వైపు మొక్క, అక్కడ చలికాలం ఆకంతా ఎండి దుంప నిద్రపోతుంది, మళ్లీ లేచి జూన్ వానల్లో పూస్తుంది. మన దగ్గర జనవరి రాత్రుల్లో కూడా మామూలుగా 15, 16 డిగ్రీల దాకానే దిగుతుంది, దానికి ఆ చలి చాలదు. సైబీరియన్ ఐరిస్‌దీ ఇదే కథ. ఎవరికైనా ఒకటీ అరా పూయొచ్చు, నేనైతే దానికోసం కూర్చోను.

మీ మూలకి నా ఓటు లూసియానా ఐరిస్‌కే. అమెరికా దక్షిణాన మిసిసిపి నది చివరి బురద నేలల రకాల నుంచి వచ్చింది, వేడికి ఓర్చుకుంటుంది, సగం రోజు ఎండ చాలు. దీనికీ కొంచెం పుల్ల మట్టే ఇష్టం కాబట్టి నీళ్ల మాట మర్చిపోవద్దు. దుంపని అంగుళం లోతు నాటి పైన ఎండాకులు కప్పేయండి, బయటపడితే ఎండకి మాడిపోతుంది. యూట్యూబ్‌లో దుంప పైకి కనపడేలా నాటమని చెప్పేది బియర్డెడ్ ఐరిస్‌కి, అది పొడి నేల మొక్క, దీనికి అలా చేస్తే అంతే. తిండి బాగా తింటుంది, మాగిన పశువుల ఎరువు దండిగా వేయండి. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, పక్క పిలకలే పూస్తాయి, అందుకే మూడేళ్లకోసారి తవ్వి విడదీసి నాటుకోవాలి.

అనంతపురం_అబ్బాయి:
అక్కా ఒక మాట. పసుప్పచ్చ పూల ఐరిస్ అని సూడాకోరస్ అనేదొకటి అమ్ముతా ఉంటారు, తడిలో బలే పెరుగుతాది అని చెప్పి. చెరువు పక్కన ఇల్లుండేవాళ్లు దాని జోలికి పోవద్దు. యూరప్ మొక్క, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో నిషేధం కూడా ఉంది, గింజలు నీళ్ల మీద తేలిపోతాయి, దుంప ముక్క తెగి పడినా మొలుస్తాది. మన చెరువుల్లో గుర్రపు డెక్క చాలదా? ఇంకోటి, ఐరిస్ అని చెప్పి వస మొక్క అంటగట్టేవాళ్లు ఉన్నారు, నాకట్లే ఇచ్చినారు. ఆకు నలిపి వాసన చూడండి, చంటిపిల్లోళ్లకి అరగదీసి నాకించే వస కొమ్ము వాసన కొడితే అది ఐరిస్ కాదు. నిజం ఐరిస్ దుంపని పిల్లోళ్లూ కుక్కలూ నమలకుండా చూసుకోండి, వాంతులైతాయి.

వేళచ్చేరి_మిద్దె:
మీకు 15 డిగ్రీలైనా ఉంది, మాకు చెన్నైలో 20కి దిగితేనే స్వెట్టర్లు తీస్తారు 😄 నేను ఐరిస్ మానేసి మెట్టతామర పెట్టేశా, తడిలో హాయిగా పూస్తోంది. బెంగళూరు అయితే వాకింగ్ ఐరిస్ చూడండి, జయనగర్‌లో మా వదిన వాళ్ల ఇంట్లో గోడ నీడన ఉంది. ఐరిస్ కుటుంబమే గానీ బ్రెజిల్ వైపుది, చలి అడగదు. పువ్వు ఒక్కరోజే ఉంటుంది, తర్వాత ఆ కాడ కొసనే పిల్ల మొక్క వచ్చి బరువుకి వంగి నేల తాకిన చోట వేరు పోసుకుంటుంది. కొనక్కర్లేదు, ఎవరింట్లో ఉన్నా ఇస్తారు.

హొరమావు_తోట:
అందరికీ థాంక్స్ అండీ. లూసియానా, వాకింగ్ రెండూ పెడతా. నేలలో కాకుండా టబ్‌లో పెడితే దోమలు వస్తాయా? నత్తలు కూడా మా వీధిలో మామూలుగా లేవు.

మట్టివాసన:
నీళ్లు పైకి తేలేలా నింపకండి, మట్టి బురదగా ఉంటే చాలు, అప్పుడు దోమలకి చోటుండదు. నీళ్లు నిలవే ఉంచుతానంటే గప్పీ చేపలు వేయండి. నత్తల్ని రాత్రి టార్చి వేసుకుని ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేయడమే, గ్లోవ్స్ తప్పనిసరి, ఆ పెద్ద ఆఫ్రికా నత్తల్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. వానలు తగ్గుముఖం పట్టాక నాటండి. జపనీస్ దుంపలు పారేయకండి, ఊటీ కూనూరు వైపు మీవాళ్లు ఎవరైనా ఉంటే ఇచ్చేయండి, అక్కడ టీ తోటల పుల్ల మట్టి, చలీ రెండూ ఉన్నాయి.