పాతబడ్డ గోడల్ని ఆబ్‌స్ట్రాక్ట్‌గా ఎలా గీస్తున్నారు?

సున్నంగోడ: సుల్తాన్‌బజార్, బేగంబజార్ వైపు శిథిలమవుతున్న పాత ఇళ్లు చూసి గీస్తున్నాను. తలుపు, కిటికీ ఏమీ పెట్టకుండా, గోడ మీద గడిచిన కాలం ఒక్కటే కనిపించాలని నా కోరిక. కానీ కత్తితో రంగు పూసి గీరితే షోరూమ్‌లో వేసే టెక్స్చర్ పెయింట్‌లా వస్తోంది. ఈ పని చేసినవాళ్లు చెప్పండి.

పెచ్చురంగు: పగులు బొమ్మ గీస్తే అలాగే ఉంటుందండి, నిజంగా పగలాలి. ఇటలీ చిత్రకారుడు అల్బెర్తో బుర్రి 1970లలో చేసిన ‘క్రెత్తో’ పనులు చూడండి. తెల్లమట్టి, జిగురు కలిపిన ముద్దను మందంగా పూసి, ఆరుతూ అదే బీటలు వారేలా వదిలేశాడు. 1968 భూకంపంలో కూలిన సిసిలీ ఊరు జిబెల్లీనా శిథిలాల మీద తెల్ల సిమెంటు పరిచి, పాత వీధుల దారిలో మనిషి నడిచేంత పగుళ్లు ఉంచాడు. అది ఆయన పోయాక, 2015లో పూర్తయింది.

ఇంట్లో అయితే ప్లైవుడ్ మీద ఫెవికాల్ మందంగా పూసి, చేతికి అంటుకునే తడిలోనే పైన ఆక్రిలిక్ రంగు ఒక్కసారి లాగేయండి. బ్రష్ మళ్లీ మళ్లీ తిప్పితే బీటలు రావు.

విశాఖతుప్పు: మా దగ్గర సముద్రపు గాలికి శ్లాబులో ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును లోపల్నుంచి తోసేస్తుంది. అందుకే నేను ఇనుప రజను అడుగుపొరలో కలిపి, ఉప్పు కలిపిన వెనిగర్ చల్లుతాను. మరక కింద నుంచి పైకి వస్తుంది.

నీలిగూడు: మా మేనత్త వాళ్ల పాత ఇంట్లో పెచ్చు ఊడిన చోట అరచేతంత జాగాలో పైన గులాబి ఎమల్షన్, కింద ఆకుపచ్చ డిస్టెంపర్, దాని కింద నీలి కలిపిన సున్నం, అడుగున డంగు సున్నం, ఇటుక కనిపిస్తాయి. అడుగు నుంచి పైకి ఆ వరుసలోనే పొరలు వేసి, గరుకు కాగితంతో లోపలికి రుద్దండి. నిజం సున్నం వాడితే నీలికి అల్ట్రామెరీన్ పొడి తీసుకోండి. ప్రష్యన్ బ్లూ సున్నంలో నిలవదు, గోధుమరంగుకు తిరుగుతుంది.

ఇంకో మాట. ఆ చెమ్మగోడల మధ్య మనుషులు కాపురం ఉంటున్నారు. పెచ్చుల అందం మాత్రమే చూపిస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే అనిపిస్తుంది నాకు.

పెచ్చురంగు: నిజమేనండి. బార్సిలోనా చిత్రకారుడు అంటోని టాపియెస్ 1950లలో పాలరాతి పొడి కలిపి గోడల్లాంటి కాన్వాసులు చేశాడు. స్పెయిన్ అంతర్యుద్ధం చూసిన ఊరి గోడలవి. వాటి మీద గీతలు, గీరుళ్లు మనుషులవే. మనకైతే మేకు రంధ్రం, పిల్లల ఎత్తు కొలిచిన గీతలు, క్యాలెండర్ తీసేశాక రంగు పాలిపోకుండా మిగిలిన చదరం ఉన్నాయి.

సున్నంగోడ: ఆ చదరం పెడితే ఆబ్‌స్ట్రాక్ట్ పోతుందా?

నీలిగూడు: పోదు. కాకపోతే అంచులకు టేప్ అంటించకండి. చుట్టూ మసిపూత పూస్తూ వెళ్లండి, పూత ఆగినచోటే అంచు ఏర్పడుతుంది.