జోలా-ఫోన్యి రాతలో ఆ గీత ఉండాలా, వద్దా?

కాకినాడ కాజా:
సెనెగల్ దక్షిణాన కాసమాన్స్‌లో, పక్కనే గాంబియాలో మాట్లాడే జోలా-ఫోన్యి సంగతి ఇది. లాటిన్ అక్షరాలతో రాస్తారు. అచ్చులు పది: ఐదు బిగువు, ఐదు వదులు. లాటిన్‌లో ఉన్నవేమో ఐదే. అందుకని బిగువు మాటైతే మొదటి అచ్చు నెత్తిన ఏటవాలు గీత పెడతారు. ఫోన్‌లో కొట్టాలంటే అదో తలనొప్పి. తీసేస్తే కొంపలు మునుగుతాయా? మనం అరసున్న వదిలేయలేదా?

అచ్చులపిచ్చి:
ఆ పోలిక కుదరదండీ. మనం రాత మానేసేసరికే ‘వాఁడు’లో ముక్కుతో పలకడం ఎప్పుడో పోయింది. అక్కడ ఈ తేడా ఇంకా నోట్లోనే ఉంది: నాలుక మొదలు ముందుకు జరిగితే బిగువు, లేదంటే వదులు. పైగా మాటంతా ఒకే జట్టు. ‘నిబజెను’, అంటే ‘నీకు ఉండేలా చేశాను’. అన్నీ వదులే. ‘ఎన్’ తీసి ‘ఉల్’ పెడితే ‘నిబజులు’, ‘నీ దగ్గర్నుంచి నాకు ఉంది’. ఆ ‘ఉల్’ బిగువుది. వెనక్కెళ్లి ‘బజ్’నీ, మొదట్లో ఉన్న ‘ని’నీ కూడా బిగించేస్తుంది. మన దగ్గర ‘లు’ వచ్చి ‘కత్తి’ని ‘కత్తులు’ చేసినట్టే, కాకపోతే ఇంకా దూరం పాకుతుంది. అందుకే మాటకి ఒక్క గీత సరిపోతుంది. ఇంత పొదుపైన పద్ధతిని తీసేయమంటారేంటి!

గోడమీద పిల్లి:
చిక్కంతా అక్కడే ఉంది. కారణం చివర్లో, గీత మొదట్లో! పిల్లలు మొదటి అక్షరం రాయాలంటే మాట చివరిదాకా మనసులో పలుక్కోవాలి.

ఇంకోటి. ‘ని-గమ్-గమ్’, ‘తీర్పు చెప్తాను’ అని. పలికేటప్పుడు ‘నిగఙ్గమ్’ అయిపోతుంది. మన సున్నా వాళ్లకుంటే ‘నిగంగం’ అని రాసి చేతులు దులుపుకునేవాళ్లు :)

కాకినాడ కాజా:
సున్నాకి జై! గీత మాటకొస్తే, చుట్టూ వాక్యం ఉంటే చదివేవాడికి మాట ఏదో తెలిసిపోదా?

అచ్చులపిచ్చి:
వాక్యంలో చాలాసార్లు తెలుస్తుంది. మరి నిఘంటువులో? అక్కడ మాట ఒంటరిగా నిలబడుతుంది. భాష కొత్తగా నేర్చుకునేవాడు దాన్ని ఎలా పలకాలి?

కాకినాడ కాజా:
సరే, నిఘంటువుకీ బడి పుస్తకానికీ ఒప్పుకున్నా. ఫోన్ మెసేజ్‌లో మాత్రం నేనైతే పెట్టను.