బిగ్ బెర్తా మోడల్ రాకెట్ కిట్‌లో డీ12 మోటర్ పెట్టాలంటే ఏమేం మార్చాలి?

ఒంగోలు గిత్త:

అందరికీ నమస్కారం. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మావాడికి పదకొండేళ్లు. ఎస్టెస్ వాళ్ల బిగ్ బెర్తా కిట్ ఇద్దరం కలిసి కట్టాం. సీ6-5 మోటర్‌తో బాగానే ఎగురుతోంది. నిదానంగా, ఠీవిగా లేస్తుంది. నాకు నచ్చేది అదే, వాడికి నచ్చనిదీ అదే. మొన్న హాబీ షాపులో అంతకంటే శక్తి ఎక్కువున్న డీ12 మోటర్ల ప్యాకెట్ కంటబడింది, అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గోల.

ఇంకో బిగ్ బెర్తా కిట్ కొన్నాం, ఇంకా విప్పలేదు. కిట్‌లో వచ్చే మోటర్ గొట్టం 18 మిల్లీమీటర్లది, డీ12కి 24 కావాలి. లోపలి గొట్టం ఒక్కటి మారిస్తే అయిపోతుందా? ఇంకేమైనా చూసుకోవాలా? మేం ఎగరేసేది ఇంటి వెనక స్కూలు గ్రౌండులో, అనుమతి ఉంది. ఆ చివర నుంచి ఈ చివరకి ఆరొందల అడుగులు ఉంటుందేమో. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని, చేతిపని అంతంత మాత్రం. కాస్త విడమరిచి చెప్పండి.

స్పీడ్ శీను:

డీ ఏంటి బ్రో, ఏకంగా ఈ12 పెట్టెయ్. అదీ 24 మిల్లీమీటర్లదే, కాకపోతే పొడవు 95 ఉంటుంది. నేను వేరే కిట్‌లో పెట్టా. కంటికి కనపడకుండా పోయింది 😀

కాకినాడ అక్క:

శీనూ, కనపడకుండా పోయింది సరే, మళ్లీ కనపడిందా? ఆ సంగతి రాయలేదేం?

ఒంగోలు తమ్ముడూ, పెట్టొచ్చు. బిగ్ బెర్తాకి డీ12 పెట్టడం ఈ హాబీలో చాలామంది చేసిన పనే. నేను హంట్స్‌విల్‌లో స్కూలు పిల్లల రాకెట్ టీముకి సాయం చేస్తుంటాను. అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్ అని, కోడిగుడ్డు పగలకుండా పైకి పంపి దింపే పోటీ ఉంది కదా, అది. అంచేత పెద్ద మోటర్ గోల నాకు రోజూ ఉండేదే. లోపలి గొట్టం మార్చడం ఇందులో అన్నిటికంటే తేలిక పని. అసలు తంటా అంతా తోక బరువుతో, ఆ తర్వాత దాన్ని కిందికి తెచ్చుకోవడంతో.

ముందు గొట్టం సంగతి. బయటి గొట్టం సైజు పేరు బీటీ-60. 24 మిల్లీమీటర్ల మోటర్ పట్టే గొట్టం బీటీ-50. ఈ రెంటి మధ్య సరిపోయే సెంటరింగ్ రింగులు విడిగా అమ్ముతారు. అట్టవి చాలు, రెండేసి కలిపి అంటించు. సీ6, డీ12 రెండూ 70 మిల్లీమీటర్ల పొడవే కాబట్టి కిట్‌లో వచ్చిన ఇనప హుక్కు పారేయకు, అదే పనికొస్తుంది. మోటర్ ముందు భాగం ఆనే రింగు మాత్రం 24 సైజుది కొనాలి. హుక్కు ఉంది కదా అని దాన్ని ఎగ్గొట్టొద్దు. డీ12 వెలిగిన తొలి క్షణాల్లో ముప్పై న్యూటన్ల దాకా తోస్తుంది. ఆనడానికి ఏమీ లేకపోతే మోటర్ ఒక్కటే గొట్టంలోంచి పైకి దూసుకుపోతుంది, రాకెట్ మాత్రం దాన్ని నిలబెట్టి ఎగరేసే రాడ్డు మీదే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చదువు. వుడ్ గ్లూని రింగులకి పూసి లోపలికి నెట్టకు. ముందు రింగు ఎక్కడ ఆగాలో పెన్సిల్‌తో ఒక పుల్ల మీద గుర్తు పెట్టుకుని, అదే పుల్లతో గొట్టం లోపలి గోడకి సరిగ్గా అక్కడ చుట్టూ గ్లూ పూయి. తర్వాత మౌంటుని, అంటే రింగులు తొడిగిన మోటర్ గొట్టాన్ని, ఆగకుండా ఒక్క ఊపున తోసెయ్యి. అట్ట గ్లూలోని తడి పీల్చుకుని ఉబ్బుతుంది. మధ్యలో సరిగ్గా ఉందా అని చూడ్డానికి ఆగావా, అక్కడే పట్టేస్తుంది, ఇక ఇటూ రాదు అటూ పోదు. అందుకే గ్లూ లేకుండా ముందు నాలుగైదు సార్లు పెట్టి తీసి చూడు. కొంచెం బిగుతనిపించినా రింగు అంచు శాండ్‌పేపర్‌తో రుద్దు. దాని బరువుకి అదే మెల్లగా జారేంత వదులు ఉండాలి.

ఇప్పుడు తోక. సీ6 పాతిక గ్రాముల దరిదాపు, డీ12 43 గ్రాములు. పెద్ద గొట్టం, రింగులు కలిపి ఇంకో నాలుగైదు. ఈ అదనపు బరువంతా పోయి అడుగునే కూర్చుంటుంది. లెక్కేస్తే రాకెట్ బరువు కేంద్రం, అదే సీజీ, మూడు నాలుగు సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. గాలి ఒత్తిడి కేంద్రం, సీపీ, రెక్కలు, ముక్కు, గొట్టం బయటి ఆకారాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది ఉన్నచోటే ఉంటుంది. సీజీ ఎప్పుడూ సీపీకి ముందుండాలి, అదీ కనీసం గొట్టం వెడల్పంత దూరంలో. బిగ్ బెర్తా గొట్టం వెడల్పు 41.6 మిల్లీమీటర్లు. అంటే నీ దగ్గర ఉన్న తేడాలో దాదాపు ఒక వెడల్పు డీ12 మింగేస్తుంది. ఆ తేడా పూర్తిగా పోయిందంటే రాకెట్ రాడ్డు వదిలాక గింగిరాలు కొడుతుంది, అదీ మనుషులున్న వైపు రాదని ఏం నమ్మకం లేదు.

దీనికి విరుగుడు ముక్కులో ఉంది. నోస్ కోన్ లోపల కొసదాకా పది పదిహేను గ్రాముల మోడలింగ్ క్లే కూరి, కదలకుండా పైన కొంచెం ఎపాక్సీ పోయి. ముక్కు చివర తోకకి బాగా దూరం కదా, అక్కడ పెట్టిన పది గ్రాములు వెనక పెరిగిన ఇరవైకి జవాబు చెబుతాయి. మరీ ఎక్కువ పెట్టేసినా బాగోదు, చిన్న గాలికే రాకెట్ గాలికి ఎదురు తిరిగి వాలుగా పోతుంది.

సీపీ ఎక్కడుందో తెలియాలంటే ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. సాంపో నిస్కనెన్ అనే ఫిన్లాండ్ కుర్రాడు 2009లో తన మాస్టర్స్ థీసిస్ కోసం రాశాడు. దాని అడుగున ఉన్న లెక్క జేమ్స్ బారోమన్ది. ఆయన నాసా గొడ్డార్డ్‌లో ఇంజనీరు, 1966లో హాబీ వాళ్ల ముందే ఆ పద్ధతి పెట్టాడు. సాఫ్ట్‌వేర్ వాడివి కాబట్టి నీకిది పిల్లాటే. ఒక్కటి గుర్తుంచుకో. ప్రోగ్రాం చెప్పే బరువు నమ్మకు. పెయింటు, గ్లూ దానికి తెలియవు. మోటర్ పెట్టి, పారాచూట్ మడిచి, పారాచూట్ కాలకుండా కింద పెట్టే కాగితం (వాడింగ్) కూరి, ఎగరడానికి సిద్ధంగా ఉన్న రాకెట్‌ని తూకం వేసి, స్కేలు అంచు మీద నిలబెట్టి సీజీ కొలువు. ప్రోగ్రాం వేసుకున్న అంకెల బదులు ఆ రెండంకెలూ పెట్టి ఓవర్‌రైడ్ చెయ్యి.

రెక్కలు బాల్సా చెక్కవి. డీ12 వేగానికి ఆగుతాయి కానీ వెనక్కి వాలిన ఆ ఆకారం వల్ల నేలకి ముందు తగిలేవి అవే. రెండువైపులా మామూలు ప్రింటర్ కాగితం పల్చటి గ్లూతో అంటించి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా పెట్టు. ఆరాక వంచి చూడు, తేడా నీకే తెలుస్తుంది. ముక్కుని గొట్టానికి కట్టి ఉంచే కిట్‌లోని రబ్బరు తాడుని కాగితం మడతతో గోడకి అంటించమంటారు, అది మానెయ్. వేడికి తట్టుకునే సన్నటి కెవ్లార్ తాడుని మోటర్ మౌంటు పై రింగుకి కట్టి, దాని కొసకి ఎలాస్టిక్ తగిలించు. కెవ్లార్ కొస గొట్టం నోటికి ఒక అంగుళం లోపలే ఆగాలి. బయటికొచ్చిందంటే పారాచూట్ విచ్చుకున్న గుంజుకి గొట్టాన్ని జిప్పు తీసినట్టు నిలువునా చీల్చేస్తుంది.

చివరగా గ్రౌండు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల్లో సీ మోటర్‌కి 400 అడుగుల స్థలం, డీకి 500, ఈకి 1000 అని ఉంది. శీను సలహా నీ గ్రౌండులో కుదరదు. డీకి కూడా నీది అంచు మీదే ఉంది. ఈ బరువుతో డీ12-5 మీద ఎనిమిది వందల అడుగుల పైమాటే వెళ్తుంది. కిట్‌లోని 18 అంగుళాల పారాచూట్‌తో దిగడానికి నిమిషం పడుతుంది. గంటకి పది మైళ్ల గాలి ఉంటే ఆ నిమిషంలో తొమ్మిది వందల అడుగులు కొట్టుకుపోతుంది. అంటే గ్రౌండు దాటి ఎవరిదో పెరట్లో. 12 అంగుళాల పారాచూట్ వేస్తే ఆరొందలకి తగ్గుతుంది, కాకపోతే నేలకి కొంచెం గట్టిగా తగులుతుంది. రెక్కలకి కాగితం వెయ్యమన్నది అందుకే. డీ ఎగరేసే రోజు గాలి లేని పొద్దున పూట చూసుకో, లేదా రాకెట్ క్లబ్బు వాళ్ల పొలానికి పో.

నన్నడిగితే గొట్టం 24ది పెట్టు, తొలిసారి మాత్రం సీ11 వెయ్యి. సైజు డీ12దే, శక్తి సీ6 అంతే. కానీ తోపు జోరుగా ఉంటుంది, రాడ్డు మీంచి ఎగిరి దూకుతుంది. మీవాడు అడిగేది అదే అయ్యుంటుంది, ఎత్తు కాదు.

స్పీడ్ శీను:

దొరకలేదు అక్కా. మొక్కజొన్న చేలో పడింది.

సికింద్రాబాద్ స్టూడెంట్:

అక్కా, మధ్యలో వస్తున్నందుకు సారీ. ఇక్కడ షాపుల్లో ఈ మోటర్లు దొరకట్లేదు. యూట్యూబ్‌లో ఇంట్లోనే ప్లాస్టిక్ పైపులో తయారుచేసే వీడియోలు ఉన్నాయి. చేయొచ్చా? పోనీ అమెరికా నుంచి వచ్చే మా కజిన్‌ని తెమ్మననా?

కాకినాడ అక్క:

రెండూ వద్దు నాన్నా. ప్లాస్టిక్ పైపు పేలితే ముక్కలు కత్తుల్లా వస్తాయి, ఎక్స్‌రేలో కూడా సరిగ్గా కనపడవు. పైగా 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం కింద మన దగ్గర లైసెన్సు లేకుండా అలాంటివి తయారు చేయడం నేరం. ఇక్కడ మా భద్రతా నియమాల్లో కూడా ఫ్యాక్టరీలో చేసిన మోటర్లే వాడాలి అని ఉంది. విమానం బ్యాగులో రాకెట్ మోటర్లు తేవడం నిషేధం, మీ కజిన్‌ని ఎయిర్‌పోర్టులో ఇరికించకు.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, సైకిల్ పంపుతో వాటర్ రాకెట్ చెయ్యి. సీజీ, సీపీ పాఠం అక్కడా ఇదే. కాలేజీలో ఉంటే ఇన్‌స్పేస్ (మన కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష సంస్థ) వాళ్లు విద్యార్థులకి మోడల్ రాకెట్రీ పోటీ పెడుతున్నారు, మీ డిపార్ట్‌మెంట్లో అడుగు.

తిరుపతి కొండ గాలి:

అక్క అన్నీ చెప్పారు, ఒకటి కలుపుతాను. కిట్‌లో వచ్చే లాంచ్ లగ్, అంటే రాడ్డుకి తొడగడానికి రాకెట్ పక్కన అంటించే చిన్న గొట్టం, 1/8 అంగుళం రాడ్డుకి సరిపోయేది. డీ12 వేసి ఇంత బరువుతో వదిలితే మూడడుగుల సన్న రాడ్డు కొరడాలా ఊగుతుంది, రాకెట్ పక్కకి వాలుతుంది. ఎలాగూ కిట్ విప్పలేదు కదా, 3/16 లగ్ అంటించెయ్యండి, దానికి తగ్గ రాడ్డు కొనండి. ఇంకోటి, టెక్సాస్‌లో వేసవిలో కౌంటీలు నిప్పు మీద నిషేధం పెడతాయి. ఎగరేసే రోజు పొద్దున్నే కౌంటీ వెబ్‌సైట్ చూడండి. రాడ్డు కింద గడ్డి తడపండి, పక్కన బకెట్ నీళ్లు ఉంచుకోండి.

ఒంగోలు గిత్త:

అక్కా, మీరు చెప్పినట్టే కట్టాం. మౌంటు ఒక్క తోపులో దిగింది. లగ్ కూడా 3/16 పెట్టాం. మావాడు రెక్కలకి కాగితం వేసి నా ఆఫీసు లాప్‌టాప్ దాని మీద బరువు పెట్టాడు, మీటింగుకి వెతుక్కున్నాను.

లెక్కలు ఇవి. పెయింటుతో సహా, మోటర్ లేకుండా 84 గ్రాములు. డీ12తో 127. ముక్కు నుంచి సీజీ 43 సెంటీమీటర్లు. ఓపెన్‌రాకెట్ సీపీ 46 అంటోంది. క్లే ఇంకా పెట్టలేదు. అంటే తేడా మూడే. చూడగానే కొంచెం టెన్షన్ వచ్చింది. పది గ్రాములు చాలా, పదిహేను పెట్టాలా? ఇంకా సీ11లో వెనక 3, 5 అని రెండు రకాలున్నాయి. ఏది కొనాలి?

కాకినాడ అక్క:

టెన్షన్ ఎందుకు, కొలిచావు కాబట్టే తెలిసింది. పది చాలు. క్లే ముక్కు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర ఉంటుందనుకుంటే సీజీ 43 నుంచి 40కి వస్తుంది. అప్పుడు తేడా ఆరు, అంటే దాదాపు ఒకటిన్నర వెడల్పు. పదిహేను పెడితే ఇంకా ముందుకొస్తుంది కానీ మీ ఫ్రిస్కో గాలికి అంత అక్కర్లేదు. పెట్టాక మళ్లీ స్కేలు మీద చూడు. తృప్తి కోసం సీజీ దగ్గర ఎనిమిది పదడుగుల తాడు కట్టి నెత్తి మీద గిరగిరా తిప్పు. ముక్కు ముందుకే పెట్టుకుని తిరిగితే ఇక చూడక్కర్లేదు. తాడుని ముడితో పాటు టేపు కూడా వేసి తిప్పు, పిల్లాణ్ని దూరంగా నిలబెట్టు.

సీ11-5 కొను. ఆ చివరి అంకె మోటర్ మందు అయిపోయాక పారాచూట్ విసరడానికి ఎన్ని సెకన్లు ఆగుతుందో చెబుతుంది. నీ బరువుకి మందు అయ్యాక శిఖరం చేరడానికి నాలుగు సెకన్ల చిల్లర పడుతుంది. 3 అయితే ఇంకా పైకి పోతుండగానే పారాచూట్ తెరుచుకుంటుంది, 5 అయితే శిఖరం దాటి తలవాల్చే వేళకి. డీ12కీ 5దే తీసుకో, 7 వద్దు, కింద పడుతున్న వేగంలో తెరుచుకుంటే తాళ్లు తెగుతాయి. సీ11కి మాత్రం 18 అంగుళాల పారాచూటే ఉంచు, నాలుగొందల అడుగుల ఎత్తు నుంచి గాలి అంత దూరం లాక్కుపోదు. రెండు పారాచూట్లూ మడిచి జేబులో పెట్టుకెళ్లు, గ్రౌండులో గాలి చూసి ఏది వెయ్యాలో మీవాణ్నే చెప్పమను.