పిల్లలకు పద్యం మీద ఇష్టం ఎలా కలుగుతుంది?

ప్రశ్న: ఆరో తరగతి పాపకి వేమన పద్యాలు కంఠతా వచ్చు, కానీ మార్కుల కోసమే. ఇష్టం పుట్టాలంటే ఏం చేయాలండీ?

జవాబు 1: తాత్పర్యం ముందు చెప్పకండి, చెబితే పద్యం కాస్తా పాఠమైపోతుంది. వారానికి ఒక్కటి చాలు. చప్పట్లు కొడుతూ విరిచి చదవండి: ఉప్పు–కప్పు–రంబు–నొక్కపో–లికనుండు. ఇది ఆటవెలది అనే పద్యరకం; ఇలా విరిచిన ముక్కల్నే గణాలంటారు. ఇక్కడ మూడు సూర్యగణాలు (చిన్నవి), రెండు ఇంద్రగణాలు (పెద్దవి). రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే: చూడ–చూడ–రుచుల–జాడ–వేరు.

జవాబు 2: అక్కడే చూడ, జాడ చూపించండి. నాలుగో గణం దగ్గర యతి (పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవడం) కుదరక ప్రాసయతి (బదులుగా రెండో అక్షరం ‘డ’ కలవడం) పడింది. రాగం మాత్రం ఇప్పుడే వద్దు. సాగదీస్తే విరుపు వినపడదు.

జవాబు 3: రాయించడం కూడా ఆటవెలదితోనే మొదలుపెట్టండి, ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవడం) నియమం లేదు. కందం అనే పద్యరకమైతే ప్రాస తప్పదు, బేసి గణంలో జగణం (పొట్టి–పొడుగు–పొట్టి అక్షరాల గణం) రాకూడదు; పిల్లలు బెదిరిపోతారు. ‘విశ్వదాభిరామ వినురవేమ’ అలాగే ఉంచి, పై మూడు పాదాలు అల్లమనండి.