వరండా ఉన్న కొత్త ఇంటికి ఎలాంటి సింహద్వారం భద్రం?

పాలమూరు నివాసి:
నమస్కారం. మహబూబ్‌నగర్ శివారులో మేము కట్టుకుంటున్న ఇల్లు లింటెల్ మట్టానికి వచ్చింది. ముందు వరండా, దాని లోపలి గోడకు సింహద్వారం. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లాక పగలంతా అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటుంది. పండుగలకు ఊరికి వెళితే ఇల్లంతా తాళమే. టేకు దర్వాజ పెట్టమని పెద్దలు అంటున్నారు, ఇనుప తలుపైతేనే దొంగలకు లొంగదని మేస్త్రీ అంటున్నాడు. వరండాకు గ్రిల్ కూడా పెట్టించాలా, లేక ఆ డబ్బు కూడా తలుపు మీదే పెట్టడం మేలా?

వడ్రంగం పని, మిర్యాలగూడ:
టేకా, ఇనుమా అన్నదానికంటే ముందు దర్వాజ, అంటే తలుపు రెక్కను మోసే చట్రం, గోడను ఎంత గట్టిగా పట్టుకుందో చూసుకోండి. దొంగ చెక్కను పగలగొట్టే శ్రమ పెట్టుకోడు. తాళం ఉన్నచోట రెక్కకూ దర్వాజకూ మధ్య సందులో ఇనుప రాడ్డు దూర్చి పెకలిస్తాడు. అందుకే దర్వాజ కర్ర అయిదు అంగుళాలకు మూడు అంగుళాలైనా ఉండాలి, ఒక్కో పక్కకు మూడు హోల్డ్‌ఫాస్టులు (దర్వాజను గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) వేసి, వాటి చుట్టూ ఇటుక ముక్కలు కాకుండా కాంక్రీటు నింపించాలి. ప్లాస్టరింగ్ అయ్యాక ఇవేవీ కనిపించవు గనుక ఆ పని జరిగేటప్పుడు మీరు దగ్గరుండడం మంచిది.

కర్ర బాగా ఆరిందో లేదో తప్పక చూడండి. మన దగ్గర ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటిన పొడి వేడికి పచ్చి కర్ర కుంచించుకుపోతుంది, వానలకు ఉబ్బుతుంది. శ్రావణంలో తలుపు బిగుసుకుందని చిత్రిక పట్టించుకున్న ఇళ్లలో వైశాఖం వచ్చేసరికి వేలు దూరేంత సందు ఏర్పడి, తాళం నాలుక దర్వాజలోకి కొసకు మాత్రమే అందుతుంది. రాడ్డు దూరేది అక్కడే. రెక్క చట్రం ఒకటిన్నర అంగుళం మందం ఉన్నా, చెక్కడాల కోసం మధ్య పలకలను పలచన చేయించకండి. రెడీమేడ్ ఫ్లష్ డోర్ (చెక్కడాలు లేని నున్నటి తలుపు) కొంటే, అలాంటి తలుపులకు ఉన్న భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2202 ముద్ర ఉన్నదీ, లోపల గట్టి చెక్క నింపినదీ తీసుకోండి.

హార్డ్‌వేర్ దుకాణం, నల్గొండ:
పై మాటతో ఏకీభవిస్తూ తాళం గురించి చెబుతాను. బయట గొళ్లేనికి వేలాడే కప్ప తాళం, ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చాటుతుంది. రెక్కలో ఇమిడిపోయే మోర్టైజ్ తాళమో, లోపలివైపు బిగించే రిమ్ తాళమో పెట్టించుకోండి. ఎంత ఖరీదైన తాళమైనా, దాని నాలుక దూరే పట్టీని దర్వాజకు అరంగుళం స్క్రూలతో బిగిస్తే ఒక్క తన్నుకే ఊడివస్తుంది. ఆ పట్టీకీ కబ్జాలకూ (రెక్క తిరిగే బందులకూ) రెండున్నర అంగుళాల స్క్రూలు వేయించండి. ఇంకొక ముఖ్యమైన విషయం: లోపలి నుంచి తాళంచెవి లేకుండానే తెరుచుకునే తాళం కావాలి, ఎందుకంటే పొగో మంటో వచ్చినప్పుడు అమ్మగారు తాళంచెవి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. చూపు రంధ్రాన్ని కూడా మీ ఎత్తుకు కాక, ఆమెను నిలబెట్టి ఆమె కంటి ఎత్తుకు గుర్తుపెట్టించండి.

పాలమూరు నివాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇనుప తలుపు మాట, గ్రిల్ మాట కూడా చెప్పగలరా?

హార్డ్‌వేర్ దుకాణం, నల్గొండ:
మంచి ఇనుప తలుపూ భద్రమే, అయితే రేకు మందం అడిగి తెలుసుకోండి, చట్రం వెనుక బోలు లేకుండా కాంక్రీటు నింపించండి. మీ ఇంటికి నేనైతే ఆరిన టేకు తలుపు పెట్టి, మిగిలిన డబ్బు గ్రిల్‌కు ఖర్చు చేస్తాను. పగలు గాలి కోసం తలుపు తీసి ఉంచినా, వచ్చిన మనిషితో అమ్మగారు గ్రిల్ లోపలి నుంచే మాట్లాడి పంపించవచ్చు. ఎంత గట్టి తలుపైనా, ఒకసారి తెరిచాక ఈ రక్షణ ఇవ్వలేదు. గ్రిల్ తలుపు బయటికి తెరుచుకునేదైతే కబ్జా పిన్నులు బయటికే ఉంటాయి కాబట్టి వాటి కొసలను వెల్డింగ్ చేయించండి. గడియ దగ్గర చేయి దూరకుండా రేకు పలక వేయించండి.

వడ్రంగం పని, మిర్యాలగూడ:
చెదల సంగతి కూడా మరవకండి. దర్వాజ నిలబెట్టే ముందే పునాది చుట్టూ చెదల మందు కొట్టించి, గడప కింద గ్రానైటు బండ వేయించి, గోడలోకి పోయే కర్ర ముఖానికి మందు పూయించండి. చెద తిన్న దర్వాజలో పొడుగు స్క్రూ కూడా నిలవదు.