ఫ్రాన్స్ పల్లెల్లో 12 రాత్రులు: రెండు ప్రాంతాలు తిరగాలా, ఒక్కచోటే ఉండాలా?

నల్లరేగడి

అందరికీ నమస్కారం. జూన్ 22న పారిస్‌లో దిగుతున్నాం, జులై 4 సాయంత్రం తిరుగు విమానం. నలుగురం: నేను, మా ఆవిడ, మా అమ్మానాన్న. పారిస్‌లో ఒక్క రాత్రి చాలనుకున్నాం, మిగతాదంతా పల్లెల్లోనే.

చిక్కంతా ఇద్దరి కోరికలతో వచ్చింది. నాన్న ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పారు. ఆదిమానవుడి పాఠం వచ్చిన ప్రతిసారీ లాస్కో గుహలోని ఎద్దును బోర్డు మీద సుద్దముక్కతో గీసి చూపించేవారు. పిల్లల్ని కర్నూలు దగ్గర కేతవరం రాతి బొమ్మల దగ్గరికి కూడా తీసుకెళ్లారు. లాస్కో ఉండేది నైరుతి ఫ్రాన్స్‌లో, దోర్దోన్ ప్రాంతంలో. మా ఆవిడకేమో ప్రొవాన్స్‌లో లావెండర్ పొలాలు చూడాలని ఉంది. అది ఆగ్నేయంలో. రెండింటి మధ్య దాదాపు 500 కిలోమీటర్లు.

నాన్నకి 68, మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. కారు నడిపేది నేనొక్కడినే, కుడివైపు రోడ్డు మీద ఇంతవరకు నడపలేదు. రెండూ పెట్టుకోవాలా, ఒకటి వదిలేయాలా? రెండూ పెట్టుకుంటే మధ్యలో రైలా, కారా? మీ అనుభవం చెప్పండి.

ఎర్రబస్సు

ఒకటే పెట్టుకోండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను, పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి.

పారిస్ నుంచి పల్లెకి ఒక రోజు, ఆ పల్లె నుంచి రెండో పల్లెకి ఒక రోజు, చివర్లో విమానాశ్రయానికి ఒక రోజు. మూడు రోజులు సూట్‌కేసుల మధ్యనే పోతాయి. పైగా పల్లె అంటే మొదటి రెండు రోజులు దారులు తెలియడానికే సరిపోతాయి. బ్రెడ్డు కొట్టు ఏ రోజు మూసేస్తారో, సంత ఏ వారమో, ఏ చెట్టు కింద కారు పెడితే ఎండ తగలదో తెలిసి, కొట్టులో ఆమె మనల్ని గుర్తుపట్టి పలకరించేసరికి నాలుగో రోజు వస్తుంది. నాకు పల్లె యాత్రంటే ఆ నాలుగో రోజు నుంచే. రెండు చోట్లు పెట్టుకుంటే మీరు ఐదో రోజునే సామాను సర్దుకోవాలి.

ఇక నాన్నగారి కోరిక. లాస్కో అసలు గుహను 1963లోనే మూసేశారు. జనం ఊపిరి వల్ల బొమ్మలు పాడవుతున్నాయని. ఇప్పుడు మోంతిన్యాక్‌లో చూపించేది 2016 చివర్లో తెరిచిన నకలు. నకలే చూడాలంటే ప్రొవాన్స్ వైపే ఇంకోటి ఉంది: ఆర్దేష్‌లో షోవే గుహ నకలు, 2015లో తెరిచారు. ప్రొవాన్స్‌లోని అవిన్యోన్ ఊరి నుంచి కారులో గంటన్నర. అసలు షోవే గుహ 1994లో బయటపడింది. అందులో బొమ్మలు సుమారు 36,000 ఏళ్ల నాటివి, లాస్కో కంటే చాలా పాతవి. సింహాలు, ఖడ్గమృగాలు చూస్తే నిన్న గీసినట్టుంటాయి. ప్రొవాన్స్‌లో పది రాత్రులు ఉండి, ఒక రోజు అటు వెళ్లి రండి. లావెండర్, గుహ రెండూ తీరతాయి.

పట్టాలబండి

నేను లియాన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. ఎర్రబస్సు గారు చెప్పిన షోవే సలహా మంచిదే, కానీ "నకలే కదా" అన్న దగ్గర నేను ఒప్పుకోను.

దోర్దోన్ అంటే లాస్కో ఒక్కటే కాదండీ. వెజేర్ నది లోయలో అసలు బొమ్మలున్న గుహలు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి. ఫోన్ ద గోమ్‌లో రంగుల బొమ్మలు అసలువే. కాకపోతే రోజుకి కొద్దిమందినే పంపుతారు, గుహ ద్వారం దాకా ఎత్తు ఎక్కాలి కాబట్టి మోకాళ్లకి కష్టం. మీ నాన్నగారికి సరిపోయేది రుఫిన్యాక్. అక్కడ గుహ లోపలికి చిన్న ఎలక్ట్రిక్ రైలు వెళ్తుంది. కూర్చునే లోపలికి వెళ్లి, పైకప్పు మీద గీసిన మామత్ ఏనుగుల్ని చూడొచ్చు. అవి నకలు కాదు, ఆ కాలం మనిషి చేత్తో గీసినవి. ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పిన మనిషికి అసలు బొమ్మ ముందు కూర్చునే అవకాశం ఉన్నప్పుడు షోవే నకలుతో సరిపెట్టమని నేను చెప్పలేను.

కాబట్టి రెండూ పెట్టుకోండి. రైలు, కారు విడివిడిగా వాడుకోండి. ఫ్రాన్స్‌లో పెద్ద రైలు మార్గాలు చాలావరకు పారిస్ నుంచి బండి చక్రం ఆకుల్లా బయటికి వెళ్తాయి. పారిస్ నుంచి ఎక్కడికైనా సులువు, అడ్డంగా వెళ్లడమే నిదానం. అందుకని వరస ఇలా పెట్టుకోండి. పారిస్ ఓస్టెర్లిట్స్ స్టేషన్ నుంచి బ్రీవ్‌కి నేరుగా రైలుంది, నాలుగున్నర గంటలు. అది టీజీవీ (అక్కడి హైస్పీడ్ రైలు) కాదు, మామూలు ఎక్స్‌ప్రెస్. బ్రీవ్‌లో కారు తీసుకుంటే దోర్దోన్‌లోని సార్లా, మోంతిన్యాక్ ఊళ్లు రెండూ గంట లోపే. ఐదు రాత్రులు అక్కడ. తర్వాత కారు బ్రీవ్‌లోనే ఇచ్చేసి, టులూజ్‌లో రైలు మారి నీమ్‌లో దిగండి. మారడానికి పట్టే సమయంతో కలిపి ఆరు గంటలు వేసుకోండి. నీమ్‌లో రెండో కారు. దారిలోనే పోన్ ద్యు గార్, రోమన్లు కట్టిన మూడంతస్తుల నీటి వంతెన. చివర్లో అవిన్యోన్ టీజీవీ స్టేషన్‌లో కారు ఇచ్చేస్తే, అక్కడి నుంచి పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయం లోపలికే నేరుగా వెళ్లే టీజీవీలున్నాయి. మళ్లీ పారిస్ ఊళ్లోకి సామాను ఈడ్చుకెళ్లే పని లేదు.

వరస తిప్పకండి. లావెండర్ చివర్లోనే రావాలి. ప్రొవాన్స్‌లోని వాలన్సోల్ పీఠభూమి మీద జూన్ మధ్య నుంచి జులై మధ్య దాకా పూస్తుంది, ఆ తర్వాత కోసేస్తారు. జూన్ చివరి వారం, జులై మొదటి రోజులు సరిగ్గా సరిపోతాయి.

మూడోగేరు

పట్టాలబండి గారి లెక్క కాగితం మీద బాగుంది. నలుగురు మనుషులు, నాలుగు పెద్ద పెట్టెలు, మోకాళ్ల నొప్పులున్న మనిషి, టులూజ్‌లో ప్లాట్‌ఫాం మారడం... ఇది కళ్ల ముందు ఊహించుకోండి. అదే కారైతే బ్రీవ్‌లో ఎక్కి అవిన్యోన్‌లో దిగడమే. ఐదు గంటల చిల్లర, దాదాపు అంతా హైవే. మధ్యలో కార్కసోన్ కోట దగ్గర ఆగి భోజనం చేయొచ్చు. రైలుకీ కారుకీ సమయం ఇంచుమించు ఒకటే అయినప్పుడు ఆ అవస్థ దేనికి?

రెండు కార్లంటే రెండుసార్లు కాగితాలు, రెండుసార్లు డిపాజిట్, రెండుసార్లు గీతలు పడ్డాయా లేదా అని ఫొటోలు. మేం వెళ్లినప్పుడు ఒక చిన్న ఊరి స్టేషన్‌లో కారు తీసుకోవడానికి మధ్యాహ్నం 12 దాటాక చేరాం. ఆఫీసు రెండింటిదాకా మూత. పసిపిల్లతో ఎండలో కూర్చున్నాం. చిన్న ఊళ్లలో ఆదివారమైతే అసలు తీయరు. ఒక్క కారే అయితే ఆ టెన్షన్ ఒక్కసారితో పోతుంది.

కుడివైపు నడపడం గురించి భయపడకండి. మొదటి రోజు కొంచెం కష్టం, రెండో రోజుకి చెయ్యి అలవాటు పడుతుంది. గుర్తుంచుకోవాల్సినవి రెండే. రౌండబౌట్‌లో ఇప్పటికే తిరుగుతున్న బండికి, అంటే మీ ఎడమ నుంచి వచ్చేవాళ్లకి, దారివ్వాలి. కానీ పల్లెలో ఏ బోర్డూ లేని కూడలి దగ్గర కుడి నుంచి వచ్చే బండిదే ముందు, అది ట్రాక్టరైనా సరే. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పల్లె రోడ్ల మీద సాధారణంగా 80, ఊళ్లో 50, హైవే మీద 130, వాన పడితే 110. ఆటోమేటిక్ బండి ఖర్చు ఎక్కువైనా అదే తీసుకోండి. కుడి చేత్తో గేరు వేస్తూ, కొత్త రోడ్డు చూస్తూ, వెనక అమ్మగారితో మాట్లాడడం ఒకేసారి కుదరదు. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకోండి, ఏడాది చెల్లుతుంది.

పట్టాలబండి

మూడోగేరు గారూ, మీ కారులో ఇద్దరు డ్రైవర్లా, ఒక్కరా? ఈయన ఒక్కరే. అప్పుడే అలవాటవుతున్న రోడ్డు మీద ఐదు గంటలు, అదీ వేసవి ఎండలో, టులూజ్ చుట్టూ ట్రాఫిక్ దాటుకుంటూ. ఆ రోజు ఈయన కిటికీలోంచి ఏమీ చూడరు. రైలైతే ఆయన కూడా ప్రయాణికుడే. పైగా ఒకచోట తీసుకున్న కారు ఇంకోచోట ఇస్తే విడిగా డబ్బు కట్టాలి, హైవే టోల్ వేరే. రెండు కార్లు, నాలుగు టికెట్లు కలిపి పోల్చి చూస్తే గానీ ఏది చవకో తేలదు. రైలు టికెట్లు ముందుగా కొంటే బాగా తక్కువకి వస్తాయి, అది మర్చిపోవద్దు.

ఆఫీసు మూసే వేళల మాట మాత్రం నిజం. అందుకే రైలు రెండు తర్వాత చేరేలా చూసుకోవాలి.

కందిపొడి

మీరంతా బండ్ల గురించి కొట్టుకుంటున్నారు, అమ్మగారు ఏం తింటారో ఎవరూ అడగలేదు. మా అత్తగారిని తీసుకెళ్లిన దాన్ని కాబట్టి చెబుతున్నాను.

దోర్దోన్ బాతుల దేశం. హోటల్లో ఏ పేజీ తిప్పినా బాతు, బాతు కాలేయం. శాకాహారం కదా అని బంగాళాదుంప వేపుడు చెప్పుకున్నాం. సార్లా పేరుతో ఉండే ఆ వేపుడు బాతు కొవ్వులోనే చేస్తారు. మాకు తిన్నాక తెలిసింది. అత్తయ్య ఆ రోజంతా ఏమీ ముట్టలేదు, ఆవిడ ముఖం నాకిప్పటికీ గుర్తే.

హోటల్ గది వద్దు, వంటిల్లు ఉన్న పల్లె ఇల్లు అద్దెకి తీసుకోండి. వాళ్లు జీత్ అంటారు. జులై, ఆగస్టుల్లో చాలా ఇళ్లు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. జూన్‌లో అడిగితే ఐదు రాత్రులకైనా ఒప్పుకుంటారు. బియ్యం, మసూర్ పప్పు మామూలు సూపర్‌మార్కెట్‌లోనే దొరుకుతాయి. ఆ ఎర్రపప్పు పాకెట్ మీద లాంతీ కొరాయ్ అని ఉంటుంది. పొడులు ఇంటి నుంచి తీసుకెళ్లండి. నెయ్యి మాత్రం పెట్టకండి, బయటి దేశాల నుంచి యూరప్‌లోకి పాల పదార్థాలు తేనివ్వరు. అక్కడే ఉప్పు లేని వెన్న కొని కాచుకోండి. ఆ నెయ్యి వాసనకి మా అత్తయ్య మళ్లీ మనుషుల్లో పడింది. సార్లా సంత బుధవారం, శనివారం. ప్రొవాన్స్‌లో తిండికి ఇంత ఇబ్బంది లేదు, వంకాయ, టమాటా, ఆలివ్ నూనె వంటలే ఎక్కువ.

ఇల్లు చూసేటప్పుడు ఏసీ ఉందో లేదో అడగండి. పాత రాతి ఇళ్లలో చాలావాటికి ఉండదు. అవిన్యోన్ ఊళ్లో గది తీసుకోకండి. జులైలో నాటకోత్సవం, ధరలు మండిపోతాయి. ప్రొవాన్స్‌లోనే లుబెరోన్ కొండల దగ్గరి పల్లెల్లో ఉండండి.

నల్లరేగడి

ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. షోవే గురించి చెబితే ఆసక్తిగా విన్నారు. రుఫిన్యాక్ గురించి చదువుతుంటే మధ్యలో ఆపి, "కూర్చునే వెళ్లొచ్చా?" అని రెండుసార్లు అడిగారు. దాంతో నాకు తేలిపోయింది. దోర్దోన్‌లో ఐదు రాత్రులు, ప్రొవాన్స్‌లో ఐదు, చివరి రాత్రి విమానాశ్రయం దగ్గర. రైలు ఆలస్యమైతే విమానం పోతుందన్న భయం లేకుండా.

మధ్య రోజు రైలే. మూడోగేరు గారూ, మీరు చెప్పిన ప్లాట్‌ఫాం సంగతి ఆలోచించే మనిషికో చిన్న పెట్టె అని ఇంట్లో తీర్మానం చేశాం. కార్లు రెండూ ఆటోమేటిక్. పర్మిట్ కోసం సోమవారం ఆర్టీఓ ఆఫీసుకి వెళ్తున్నాను.

ఎర్రబస్సు

నాకైతే ఇప్పటికీ ఒక్కచోటే ఉండాలనిపిస్తుంది. అక్కడి నాలుగో రోజు ఎలా ఉంటుందో మీరు వచ్చాక చెప్పండి, ఐదో రోజు సామాను సర్దడానికి మనసొప్పిందో లేదో కూడా. గుహలో 13 డిగ్రీలే ఉంటుంది, బయట ఎంత ఎండ ఉన్నా నాన్నగారి స్వెట్టర్ చేతిసంచీలోనే పెట్టండి.