చనిపోయిన నాన్నమ్మకి డీఎన్‌ఏ కిట్ తయారుచేయొచ్చా? ఎవరిని అడగాలి?

కొమ్మారెమ్మా (చర్చ మొదలుపెట్టినవారు)

నాన్నమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె నమూనా ఏదీ లేదు. ఇప్పుడు ఆమె పిల్లలు ముగ్గురూ, అంటే నాన్న, మేనత్త, బాబాయి టెస్ట్ చేయించుకున్నారు. నాన్నమ్మ తమ్ముడు కూడా సరేనన్నారు. ఈ నలుగురి ఫైళ్లతో జెడ్‌మ్యాచ్‌లో (డీఎన్‌ఏ ఫైళ్లు పెట్టి చుట్టాలని వెతుక్కునే వెబ్‌సైట్) లాజరస్ టూల్ నడిపి నాన్నమ్మ పేరు మీద ఒక కిట్, అంటే ఆ సైట్‌లో ఒక మనిషి డీఎన్‌ఏ ఫైల్, తయారుచేద్దామని నా ప్లాన్. ఆమె తల్లి వైపు వంశం కాగితాల్లో ఒక తరం దాటి దొరకడం లేదు. కిట్ ఉంటే మాకంటే ఒక మెట్టు పైనుంచి మ్యాచ్‌లు, అంటే డీఎన్‌ఏ కలిసేవాళ్లని, వెతకొచ్చు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లాజరస్‌కి రెండు గుంపుల ఫైళ్లు ఇవ్వాలి. మొదటి గుంపు నాన్నమ్మ సంతానం. రెండోది ఆమె పుట్టింటి వైపువాళ్లు. ఈ రెండు గుంపులకీ ఉమ్మడిగా ఉన్న డీఎన్‌ఏ ముక్క తాతయ్య నుంచి వచ్చే వీల్లేదు కాబట్టి అది నాన్నమ్మదేనని లెక్క. అలాంటివన్నీ ఏరి ఒకచోట చేర్చితే ఆమె ప్రొఫైల్ కొంత తయారవుతుంది.

చిక్కేమిటంటే, నాన్నమ్మ చెల్లెలి కూతురు, నాకు వరసకు అత్త, ఒప్పుకోవడం లేదు. తన ఫైల్ ఇవ్వనంది. అంతటితో ఆగకుండా "పెద్దమ్మ పేరుతో ఇంటర్నెట్‌లో ఏదీ పెట్టడానికి వీల్లేదు" అంది. ఫైల్ ఇవ్వకపోవడం ఆవిడ ఇష్టం, పేచీ లేదు. కానీ మా సొంత నాన్నమ్మ విషయంలో అడ్డుపడే హక్కు ఆవిడకి ఉందా? లేదని నా అభిప్రాయం. మీరేమంటారు?

లెక్కలపిచ్చి

హక్కుల సంగతి తర్వాత. అసలు చేతికి ఎంతొస్తుందో చూడండి.

ఒక బిడ్డలో తల్లి డీఎన్‌ఏ సగం ఉంటుంది. రెండో బిడ్డ కలిస్తే సగటున 75 శాతం, మూడో బిడ్డ కలిస్తే 87.5. ఈ అంకె వినగానే అందరూ సంబరపడతారు. కానీ ఆ 87.5 తాతగారి డీఎన్‌ఏతో కలిసి ఉంది. దాన్ని వేరుచేయడానికి లాజరస్‌కి రెండో గుంపు కావాలి. ఆ గుంపులో మీకున్నది తమ్ముడుగారు ఒక్కరే. అక్కలో ఉన్నదాంట్లో తమ్ముడిలోనూ ఉండేది సగటున సగం. 87.5లో సగం, అంటే 44 దగ్గర ఆగిపోతారు. మీ అత్త ఫైల్ కూడా దొరికితే 55కి దగ్గరగా వెళ్తుంది. అంటే ఈ గొడవంతా ఆ పదకొండు శాతం గురించి.

1500 సెంటీమోర్గాన్లు (డీఎన్‌ఏ ముక్కల పొడవుకి కొలత) దాటితేనే లాజరస్ కిట్‌ని మొత్తం డేటాబేస్‌తో పోల్చనిస్తారు. 44 శాతంతోనే మీరు ఆ గీత దాటేస్తారు. తాతగారి నమూనా ఏమైనా ఉందా? ఉంటే పిల్లల ఫైళ్లలోంచి ఆయన భాగం తీసేస్తే చాలు, పుట్టింటివాళ్లతో పనే లేదు.

కొమ్మారెమ్మా

లేదండీ. ఆయన నాన్నమ్మకంటే ముందే పోయారు.

తలుపుచాటు

"మా సొంత నాన్నమ్మ" అని రాశారు. మీరు తయారుచేసే కిట్‌లో నాన్నమ్మ దగ్గర నుంచి నేరుగా తీసుకున్నది ఒక్క అక్షరం కూడా లేదు. అంతా బతికున్న నలుగురి డేటా, పైన ఆమె పేరు. కాబట్టి చనిపోయినావిడ ఒప్పుకునేదా లేదా అనే ప్రశ్న నా దృష్టిలో అనవసరం. ఆ డేటా ఎవరెవరి మీద వెలుగు వేస్తుందో వాళ్లని అడగాలి.

మీ అత్తకీ నాన్నమ్మకీ పావు వంతు డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉంటుంది. ఫైల్ ఇవ్వకపోయినా ఆ పావు వంతులో కొంత మీ కిట్‌లోకి వచ్చేస్తుంది. ఆవిడకి వీటో ఉందని నేననను. కానీ ఆవిడ మూడో మనిషి కాదు.

చట్టం మాటకొస్తే యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా చనిపోయినవాళ్లకి వర్తించదు. బతికున్నవాళ్ల జన్యు సమాచారాన్ని మాత్రం అదే చట్టం ప్రత్యేక రక్షణ ఉన్న వర్గంలో పెట్టింది. మీ కిట్ ఈ రెంటిలో దేని కిందికి వస్తుంది? రెండింటికీ మధ్యలో పడుతుంది. ధైర్యంగా అప్‌లోడ్ చేసేవాళ్లంతా ఆ సందులోంచే వెళ్తున్నారు.

హెన్రియెట్టా లాక్స్ సంగతి గుర్తుచేస్తాను, ల్యాబుల్లో ఇప్పటికీ పెంచుతున్న కణాలు ఆ అమెరికన్ మహిళవే. ఆమె 1951లో చనిపోయింది. ఆమె కణాల జీనోమ్‌ని 2013లో శాస్త్రవేత్తలు కుటుంబాన్ని అడక్కుండా బహిరంగంగా పెట్టారు. మనవలు, మనవరాళ్లు అభ్యంతరం చెప్పాక వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఆ కుటుంబంతో ఒప్పందం చేసుకుంది. ఆ డేటా ఎవరికివ్వాలో చూసే కమిటీలో ఇప్పుడు కుటుంబ సభ్యులూ ఉన్నారు. పోయినావిడ జన్యువులు బతికున్న మనవల సొంత విషయం కూడా అని అక్కడ ఒప్పుకోవాల్సి వచ్చింది.

పాతరాగిరేకు

అందరి సంతకం కావాలంటే కొందరి చరిత్ర ఎప్పటికీ బయటికి రాదు.

హాన్స్ జొనాథన్ 1784లో కరీబియన్‌లోని సెయింట్ క్రోయీ ద్వీపంలో బానిసగా పుట్టాడు. 1802లో ఐస్‌లాండ్ చేరి, అక్కడే పెళ్లి చేసుకుని, 1827లో చనిపోయాడు. పరీక్షకి అతని ఎముక గానీ వెంట్రుక గానీ లేదు. 2018లో ఐస్‌లాండ్ జన్యు పరిశోధన సంస్థ డీకోడ్ పరిశోధకులు అతని వారసులు 182 మంది డీఎన్‌ఏ నుంచి, తల్లి ద్వారా అతనికి వచ్చిన సగంలో 38 శాతం తిరిగి కూర్చారు. తల్లి ఎమిలియా రెజీనా మూలాలు ఇప్పటి బెనిన్, నైజీరియా, కామెరూన్ ప్రాంతాల్లో ఉన్నాయని అంచనా వేశారు. యజమానుల లెక్కల పుస్తకాల్లో ఆమె ఒక ఆస్తి. ఆమె పూర్వికులు ఎక్కడివాళ్లో రాయాలని వాళ్లకి తోచలేదు. ఇప్పుడు ఆమె గురించి కొత్తగా తెలిసిందంటే వారసుల ఒంట్లో మిగిలిన ముక్కల వల్లే. ఆ కుటుంబంలో ఒకరు వద్దంటే ఆపేయాలా?

ఎర్రసిరా

ఆ ఉదాహరణ నాకూ ఇష్టమే, కానీ దాన్ని ఇక్కడ అతికించకండి. ఐస్‌లాండ్‌లో అప్పట్లో ఆఫ్రికా మూలాలున్నవాళ్లు దాదాపు లేరు. అందుకే వారసుల్లో కనిపించిన ప్రతి ఆఫ్రికా ముక్కా ఇట్టే తెలిసిపోయింది. వంశావళి రికార్డులూ పక్కాగా ఉన్నాయి. ఇంత అనుకూలంగా ఉండి కూడా దక్కింది 38 శాతం. నాన్నమ్మ ముక్కలకీ తాతయ్య ముక్కలకీ అలాంటి తేడా ఏమీ ఉండదు. ముక్క పొడవుని నమ్ముకోవాల్సిందే.

ఏడు సెంటీమోర్గాన్ల కంటే చిన్న మ్యాచ్‌ల్లో చాలావరకు కాకతాళీయం. శాతం పెరగాలని హద్దు తగ్గిస్తే కిట్ బొద్దుగా తయారవుతుంది, అందులో సగం ఎవరిదో దేవుడికే తెలియాలి. పైగా తాతయ్య, నాన్నమ్మ ముందే బంధువులైతే "తాతయ్య నుంచి వచ్చే వీల్లేదు" అనే మొదటి మాటే కూలిపోతుంది. తరతరాలుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకున్న సమాజాలన్నిటికీ ఈ తిప్పలు ఉన్నాయి. అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న) యూదులకైతే మ్యాచ్ జాబితాల్లో అసలు కంటే దగ్గరి చుట్టరికం కనిపిస్తుంటుంది. తల్లిదండ్రులు ఒకరికొకరు చుట్టాలా అని చూసే టూల్ జెడ్‌మ్యాచ్‌లోనే ఉంది. ముందు అది మీ నాన్నగారి ఫైల్ మీద నడపండి.

కొమ్మారెమ్మా

నడిపాను. చెప్పుకోదగ్గ ముక్కలేవీ రాలేదు. లాజరస్‌లో హద్దు కూడా పదికి పెంచే చేస్తాను.

చిటికెడుఉప్పు

మా ఇంట్లో ఒక పాత గ్రూప్ ఫోటోలో ఉన్నదెవరని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్తారు. మీరు సెంటీమోర్గాన్ల దాకా వెళ్లిపోయారు. కొనసాగించండి, చదువుతున్నాను.

నాలుగోతరం

లాజరస్ ఒక్కటే దారి అన్నట్టు మాట్లాడుతున్నారెందుకు? సొంత తోబుట్టువులు ముగ్గురు ఉన్నారు కదా, విజువల్ ఫేజింగ్ చేయండి. క్యాథీ జాన్‌స్టన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఒక్కో క్రోమోజోమ్ మీద ముగ్గురినీ ఇద్దరిద్దరిగా పోలుస్తారు. రెండు వైపులా కలిసిన చోటు, ఒక వైపే కలిసిన చోటు, అసలు కలవని చోటు రంగుల్లో కనిపిస్తాయి. రంగు మారిన ప్రతిచోటా ముగ్గురిలో ఎవరో ఒకరికి డీఎన్‌ఏ తెగి అతుక్కుంది. అది ఎవరికో తేల్చుకుంటూ పోతే తల్లి వరస, తండ్రి వరస విడిపోతాయి. ఏది తల్లిదో తేలడానికి ప్రతి క్రోమోజోమ్ మీద ఒక్క గుర్తు చాలు, దానికి తమ్ముడుగారి ఫైల్ సరిపోతుంది. ఆయనతో కలవని భాగం కూడా నాన్నమ్మదని అప్పుడు తెలుస్తుంది. అంటే 44 దగ్గర ఆగక్కర్లేదు, మీ అత్తని బతిమాలక్కర్లేదు. ఓపిక మాత్రం కావాలి. కొన్ని క్రోమోజోములు వారాల తరబడి మొండికేస్తాయి.

ఇంకో రెండు ఊరికే దొరుకుతాయి. మగవాళ్లకి ఉన్న ఒక్క ఎక్స్ క్రోమోజోమ్ తల్లిదే. కాబట్టి నాన్న, బాబాయిల ఎక్స్ మొత్తం నాన్నమ్మదే, విడదీసే పని లేదు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది, కాబట్టి ముగ్గురిలో ఎవరిది తీసుకున్నా ఆమెదే. మీరు వెతుకుతున్నది ఆమె తల్లి వైపు కదా, ఈ పరీక్ష మీకు ముఖ్యం.

తలుపుచాటు

మంచి పద్ధతే. దాంతో మీ అత్త ఫైల్ అవసరం తీరింది, ఆవిడ అభ్యంతరం తీరలేదు.

కిట్ ఎక్కడ ఉంటుందో చూడండి. జెడ్‌మ్యాచ్‌ని 2010లో ఇద్దరు వంశచరిత్ర అభిమానులు మొదలుపెట్టారు. 2018లో కాలిఫోర్నియా పోలీసులు గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనే వరస హంతకుడిని దాని సాయంతో పట్టుకున్నారు. తర్వాతి ఏడాది ఆఖర్లో వెరోజెన్ అనే ఫోరెన్సిక్ సంస్థ దాన్ని కొన్నది. 2023లో వెరోజెన్‌ని కయాజెన్ కొన్నది. మొదట్లో ఫైల్ పెట్టినవాళ్లు ఇద్దరు అభిమానులని నమ్మి పెట్టారు. ఇక డీఎన్‌ఏ టెస్టులు చేసే కంపెనీ 23అండ్‌మీ: 2023లో పాత పాస్‌వర్డులతో దాదాపు 14 వేల ఖాతాల్లోకి దూరి, బంధువుల జాబితాల మీదుగా 69 లక్షల మంది సమాచారం లాగారు. మిగతావాళ్ల పాస్‌వర్డులు గట్టివే, చుట్టాలవి కాదు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

పాతరాగిరేకు

అదే 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఉంది. అప్పటికి ఉన్న 13 లక్షల మంది డేటాతోనే, యూరోపియన్ మూలాలున్న అమెరికన్లలో 60 శాతం మందికి థర్డ్ కజిన్ (ముత్తాత తల్లిదండ్రులు ఉమ్మడిగా ఉన్న చుట్టం) లేదా అంతకంటే దగ్గరి మ్యాచ్ దొరుకుతుందని లెక్కగట్టారు. టెస్ట్ చేయించుకోనివాళ్లు కూడా ఇప్పటికే దొరికిపోతున్నారు. నాన్నమ్మ కిట్ ఒక్కటి ఆగితే ఒరిగేదేంటి?

తలుపుచాటు

గోడకి కన్నం పడింది కాబట్టి తలుపు కూడా పీకేద్దాం అన్నట్టుంది.

ఎర్రసిరా

ఇంకొకటి. కావాల్సింది ఒకటైతే బయటపడేది ఇంకొకటి. బీథోవెన్ వెంట్రుకల మీద 2023లో వచ్చిన పరిశోధన ఆయన చెవుడుకి కారణం వెతికింది, దొరకలేదు. కాలేయ జబ్బు ముప్పు ఉన్న జన్యువులు, హెపటైటిస్ బి ఆనవాళ్లు కనిపించాయి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ చూస్తే, ఆయనది అదే వంశానికి చెందిన ఇప్పటి వాన్ బీథోవెన్‌లతో కలవలేదు. కాగితాల్లో ఉన్న తండ్రుల వరసలో ఎక్కడో ఒకచోట తండ్రి వేరు. ఆయనదని అందరూ నమ్మిన ఒక కుచ్చు ఒక స్త్రీదని తేలింది. సీసం విషం కథ అంతకుముందు ఆ కుచ్చు మీద ఆధారపడే నడిచింది. మీ అత్త ఎందుకు వద్దంటున్నారో అడిగారా?

కొమ్మారెమ్మా

నిన్న ఫోన్లో మాట్లాడాను. పోలీసుల భయం కాదు, రహస్యాలూ లేవు. నాన్నమ్మకీ, అత్త వాళ్ల అమ్మకీ ఇద్దరికీ రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అత్తకి ఇద్దరు కూతుళ్లు. "పెద్దమ్మ ఫైల్లో ఆ జబ్బు ఉందని ఎవరైనా చదివితే రేపు నా పిల్లల ఇన్సూరెన్స్ సంగతేంటి" అంటోంది. నాకు చప్పున జవాబు తట్టలేదు.

లెక్కలపిచ్చి

జవాబు రెండు భాగాలు. మీరు తయారుచేసే ఫైల్‌తో ఆ సంగతి తేలదు. అందులో ఖాళీలే సగం, కాబట్టి "లేదు" అని వస్తే అర్థం లేదు. మీవాళ్లు చేయించుకున్నలాంటి ఈ చిప్ టెస్టులు (ఎంచుకున్న చోట్లే డీఎన్‌ఏ చదివేవి) అరుదైన మార్పుల విషయంలో తరచూ తప్పు చెప్తాయి, కాబట్టి "ఉంది" అని వచ్చినా వైద్య పరీక్షలో మళ్లీ తేల్చుకోవాలి. అలాగని ఆవిడ భయం ఉత్తుత్తిది కాదు. అమెరికాలో జన్యువుల ఆధారంగా వివక్ష చూపకూడదనే 2008 నాటి జీనా చట్టం ఆరోగ్య బీమాకీ ఉద్యోగానికీ రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకి ఇవ్వదు. ఫైల్ తప్పో ఒప్పో, చదివేవాడు ఆగి ఆలోచించడు.

రెండోది మీ గురించి. నాన్నమ్మలో అలాంటి మార్పు నిజంగా ఉండి ఉంటే మీ నాన్న, మేనత్త, బాబాయిల్లో ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం సగం. మగవాళ్ల ద్వారా కూడా పిల్లలకి వెళ్తుంది. కాబట్టి ఇది అత్త ఇంటి సమస్య మాత్రమే కాదు. జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాల్సింది రెండు ఇళ్లవాళ్లూ, లాజరస్‌కి ముందే.

కొమ్మారెమ్మా

మేనత్త ఇప్పటికే డాక్టర్‌ని చూస్తోంది. ఇక్కడ మీరు చెప్పింది కూడా మేనత్తకి చెప్పాను, వరస అత్త నంబర్ కూడా ఇచ్చాను.

కిట్ విషయంలో ఇలా అనుకుంటున్నాను. విజువల్ ఫేజింగ్ ఇంట్లో నా కంప్యూటర్ మీదే చేస్తాను. తయారయ్యాక నాన్నమ్మ పేరు లేకుండా, రీసెర్చ్ సెట్టింగ్‌లో పెడతాను. అలా పెడితే అది వేరేవాళ్ల మ్యాచ్ జాబితాల్లో కనిపించదు. క్యాన్సర్‌తో సంబంధం ఉన్న బీఆర్‌సీఏ జన్యువులు 13, 17 క్రోమోజోముల మీద ఉన్నాయి కదా, ఆ రెండు భాగాలూ ఫైల్లోంచి తీసేస్తాను. అత్తకి ఇదంతా చెప్పాను. సరే అనలేదు, వద్దని కూడా అనలేదు.

తలుపుచాటు

ఆ రెండు భాగాలు తీసేయడం బాగుంది. కానీ రీసెర్చ్ అంటే మీకు వాళ్లు కనిపిస్తారు, వాళ్లకి మీరు కనిపించరు. ఇంతసేపూ చుట్టాల గోప్యత గురించి మాట్లాడుకుని చివరికి ఒంటివైపు అద్దం పెట్టుకుంటున్నారు.

కొమ్మారెమ్మా

నాన్న కిట్ మొదట్నుంచీ పబ్లిక్‌లోనే ఉంది, అది ఆయన ఇష్టంతో పెట్టింది. నాన్నమ్మ కిట్‌తో దగ్గరగా కలిసేవాళ్లలో చాలామందికి ఆయన జాబితాలో కనిపిస్తూనే ఉంటారు. ఎవరైనా పనికొచ్చే మ్యాచ్ తగిలితే ముందు నేనే మెయిల్ రాస్తాను, కిట్ ఎలా తయారైందో కూడా చెప్తాను.

తలుపుచాటు

మెయిల్ రాయడం వరకూ ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.